ఇవాన్ హ్లింకా: నగానోలో గెలిపించిన కోచ్ పిట్స్‌బర్గ్‌లో ఎందుకు నిలవలేదు?

మూడోపీరియడ్

ఐస్ హాకీలో చెక్ తారలు యాగర్ గురించి, హషెక్ గురించి ఇక్కడ పుంఖానుపుంఖాలుగా రాసుకున్నాం. 1998 ఫిబ్రవరిలో నగానో ఒలింపిక్స్‌లో చెక్ జట్టు స్వర్ణం గెలిచినప్పుడు కోచ్‌గా వాళ్లిద్దరి వెనుక, బెంచి దగ్గర నిలబడిన ఇవాన్ హ్లింకాపై మాత్రం ఒక్క చర్చ కూడా లేదు. అందుకే మొదలుపెడుతున్నాను.

నా వాదన ముందే చెప్పేస్తాను, తిట్టేవాళ్లకు సులువవుతుంది. హ్లింకా గొప్ప ఆటగాడు. అందులో సందేహం లేదు. కోచ్‌గా మాత్రం ఆయనకు దక్కిన పేరులో ఎక్కువ వాటా గోల్‌కీపర్ డొమినిక్ హషెక్‌ది. నగానో ఒలింపిక్స్‌లో హషెక్ ఆరు మ్యాచ్‌లలో వదిలినవి ఆరు గోల్స్. అమెరికా మీద ఒకటి, కెనడా మీద ఒకటి, ఫైనల్లో రష్యా మీద సున్నా. అలాంటి గోల్‌కీపర్ ఉంటే బెంచి దగ్గర ఎవరు నిలబడినా పతకం వస్తుంది. రెండేళ్ల తర్వాత అదే కోచ్ ఉత్తర అమెరికా ప్రధాన హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లోని పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌కు వెళ్లాడు. ఒక సీజను, ఆపైన నాలుగు మ్యాచ్‌లు. అంతటితో ఉద్వాసన. రెండుచోట్లా మనిషి ఒకడే, మారింది గోల్‌కీపరే.

కాదనేవాళ్లు కారణాలతో రండి.

నీలిగీత

ఆటగాడిగా గొప్పవాడని ఒక్క ముక్కలో తేల్చేసి కోచ్ దగ్గరికి దూకేశారు. హ్లింకా విషయంలో అలా కుదరదు. ఆయన జట్టును నడిపిన తీరంతా ఆడిన రోజుల్లో తయారైందే.

ఉత్తర బొహీమియాలో, జర్మనీ సరిహద్దు కొండల కింద, బొగ్గు గనులూ రసాయన కర్మాగారమూ ఉన్న చిన్న ఊరు లిట్వీనోవ్. పక్కనే ఉన్న మోస్ట్‌లో 1950 జనవరి 26న హ్లింకా పుట్టాడు. పదహారేళ్లకే లిట్వీనోవ్ పెద్దల జట్టులో ఆడాడు. అప్పట్లో దేశంలో బలమైన క్లబ్బులంటే యిహ్లవా సైనిక జట్టు, ఉక్కు కర్మాగారం ఊరు క్లాద్నో. మంచి ఆటగాళ్లు వాటివైపు వెళ్లిపోయేవారు. హ్లింకా వెళ్లలేదు. కెనడా వెళ్లేదాకా లీగులో ఆడిన కాలమంతా దాదాపు లిట్వీనోవ్‌లోనే గడిపాడు. లీగు కప్పు ఒక్కసారీ చేతికి రాలేదు. ఆ క్లబ్బు తొలిసారి గెలిచింది 2015లో.

జాతీయ జట్టులో లెక్క వేరు. 256 మ్యాచ్‌లు, 132 గోల్స్. 1972లో ప్రాగ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో చెకోస్లొవాకియా గెలిచి, తొమ్మిదేళ్లుగా వరుసగా గెలుస్తున్న సోవియట్లకు అడ్డుకట్ట వేసింది. 1968లో సోవియట్ ట్యాంకులు చూసిన దేశానికి ఆ గెలుపు ఎంతటిదో ఇక చెప్పనక్కరలేదు. ఆ తర్వాత 1976లో కటోవీత్సెలో, 1977లో వియన్నాలో మళ్లీ గెలిచారు. మూడింట్లోనూ హ్లింకా ఉన్నాడు.

భారీ శరీరం. వేగంగా స్కేటింగ్ చేసేవాడని ఎవరూ అనరు. సెంటర్ స్థానంలో ఆడుతూ పక్‌ను (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దగ్గర ఉంచుకుని, మిగతావాళ్లు తమ చోటికి చేరేదాకా ఆగి, అప్పుడు పాస్ ఇచ్చేవాడు. తొందర లేని ఆట. తర్వాత బెంచి దగ్గర కనిపించింది కూడా ఈ తొందర లేనితనమే.

కోరమాండల్

నేను ఈ ఆటకు కొత్త. తెలియక అడుగుతున్నాను. కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్న రోజుల్లో ఆయన కెనడా వెళ్లి ఎలా ఆడగలిగాడు? పారిపోయాడా?

నీలిగీత

పారిపోలేదండీ. అనుమతి తీసుకుని వెళ్లాడు. అందుకే ఆయన పేరు చరిత్రలో కాస్త విడిగా ఉంటుంది.

అంతకుముందు వెళ్లినవాళ్లు దాదాపు అంతా తప్పించుకుని వెళ్లినవాళ్లే. 1974లో వాత్స్లవ్ నెదొమాన్స్కీ, 1980లో పీటర్, అంటన్ స్టాస్ట్నీ సోదరులు. ఇలా వెళ్లిన ప్రతిసారీ ప్రభుత్వానికి పరువూ పోయేది, పైసా కూడా వచ్చేది కాదు. దాంతో వయసు మీరుతున్న, దేశానికి చేయాల్సింది చేసేసిన ఆటగాళ్లను అధికారికంగా పంపడం మొదలుపెట్టారు. డాలర్లలో కొంత దేశానికి, కొంత ఆటగాడికి. 1981లో అలా మొదట వెళ్లినవాళ్లు ఇద్దరు, హ్లింకా, యిర్జీ బుబ్లా. ఇద్దరూ లిట్వీనోవ్ వాళ్లే. ఇద్దరూ కెనడాలోని ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్ కనక్స్‌కే వెళ్లారు.

అదీ అంత తేలిగ్గా జరగలేదు. చెకోస్లొవాక్ ఆటగాళ్ల కోసం ఎన్‌హెచ్‌ఎల్ ప్రత్యేకంగా డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) పెడితే హ్లింకాను విన్నిపెగ్ ఎంచుకుంది. ఆయన్ని తెచ్చుకోవడానికి వాంకూవర్ తన ఆటగాడు బ్రెంట్ ఆష్టన్‌నూ, ఒక నాలుగో రౌండు అవకాశాన్నీ వదులుకోవలసి వచ్చింది.

అప్పటికి హ్లింకాకు ముప్పై ఒకటి. మొదటి సీజనులో 72 మ్యాచ్‌లు, 23 గోల్స్, 37 అసిస్టులు (గోల్‌కు దారితీసిన పాస్‌లు), రెండూ కలిపి 60 పాయింట్లు. కనక్స్ తరఫున తొలి సీజను ఆడినవాడు సాధించిన పాయింట్లలో అదే అత్యధికం. పదేళ్ల తర్వాత పావెల్ బురే దాన్ని సమం చేశాడు. దాటింది మాత్రం 2018–19లో ఎలియాస్ పెటెర్సన్. ఆ 1982 వసంతంలో కనక్స్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్‌కు చేరి న్యూయార్క్ ఐలాండర్స్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడిపోయారు. కోచ్ రాజర్ నీల్సన్ రిఫరీలను ఎగతాళి చేస్తూ కర్రకు తెల్ల తువ్వాలు కట్టి ఊపాడే, అదే ఏడాది. రెండో సీజనులో హ్లింకా 63 పాయింట్లు చేసి, సరిపోయిందనుకున్నాడేమో, స్విట్జర్లాండ్‌లోని జుగ్‌కు వెళ్లిపోయాడు.

లెక్కల_మాస్టారు

నీలిగీత గారు ఆ వాంకూవర్ జట్టును ప్రస్తావించారు కాబట్టి నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. 1981–82లో కనక్స్ జట్టులో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడున్నాడు, మార్క్ క్రాఫర్డ్. అవును, 1998 నగానో సెమీఫైనల్లో కెనడా కోచ్ అతనే. ఒకే బెంచి మీద కూర్చున్న ఇద్దరు పదహారేళ్ల తర్వాత ఎదురెదురు బెంచీల దగ్గర నిలబడ్డారు.

క్రాఫర్డ్‌కు ఆ మ్యాచ్ గురించి అప్పటినుంచీ ఒకటే ప్రశ్న ఎదురవుతూ వచ్చింది: షూటవుట్‌కు (సమమైన మ్యాచ్‌ను తేల్చే విడి షాట్లకు) కెనడా దిగ్గజం గ్రెట్జ్‌కీని ఎందుకు పంపలేదు? హ్లింకాను ఆ మ్యాచ్ గురించి అలా నిలదీసినవాళ్లు లేరు. ఓడినవాడి నిర్ణయాలే భూతద్దంలో చూస్తాం, ఏం చేస్తాం.

పెన్‌హిల్స్_బాబాయి

మూడోపీరియడ్ గారూ, ‘ఆపైన నాలుగు మ్యాచ్‌లు, ఉద్వాసన’ అని గబగబా రాసేశారు. ముందున్న ఆ ఒక్క సీజను సంగతి ఎవరు చెబుతారు? నేను అప్పుడు పిట్స్‌బర్గ్‌లోనే ఉన్నాను, ఇప్పటికీ ఇక్కడే. శనివారం వెంకటేశ్వరస్వామి గుడి, మిగతా రోజుల్లో పెంగ్విన్స్. మా ఇంట్లో నడిచే పద్ధతి అదే.

జరిగింది ఇదీ. 1999 డిసెంబరులో కెవిన్ కాన్‌స్టాంటైన్‌ను తీసేసి హెర్బ్ బ్రూక్స్‌ను తాత్కాలికంగా పెట్టారు. 1980లో అమెరికా కుర్రాళ్లతో సోవియట్లను ఓడించిన బ్రూక్సే ఆయన. ఆ సీజను మధ్యలోనే హ్లింకాను ఆయన పక్కన సహాయకుడిగా తెచ్చారు. 2000 వేసవిలో ప్రధాన కోచ్‌ను చేశారు. అదే వేసవిలో షికాగో ఫిన్లండ్‌కు చెందిన అల్పో సుహోనెన్‌ను పెట్టుకుంది. యూరప్‌లో ఆట నేర్చినవాళ్లు ఎన్‌హెచ్‌ఎల్‌లో ప్రధాన కోచ్‌లు కావడం అదే మొదలు.

ఆ సీజనులో 42 గెలుపులు, 28 ఓటములు, 9 డ్రాలు, మూడు ఓవర్‌టైమ్ ఓటములు. యాగర్ 121 పాయింట్లతో లీగులోనే మొదటివాడు. కొవలెవ్ 44 గోల్స్ కొట్టాడు, అంతకుముందూ తర్వాతా అన్ని కొట్టలేదు. స్ట్రాకా, లాంగ్, కొవలెవ్‌లను హ్లింకా ఒక లైనుగా (కలిసి మంచు మీదికి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లుగా) కలిపి ఉంచాడు. ఆ ముగ్గురూ ఆ ఏడాది ఆడినంత బాగా మరెప్పుడూ ఆడలేదని నా అభిప్రాయం. ప్లేఆఫ్స్‌లో (సీజను తర్వాతి నాకౌట్ సిరీస్‌లలో) వాషింగ్టన్‌ను ఆరు మ్యాచ్‌లలో, బఫెలోను ఏడు మ్యాచ్‌లలో ఓడించి కాన్ఫరెన్స్ ఫైనల్‌కు చేరారు. అక్కడ న్యూజెర్సీ చేతిలో ఐదు మ్యాచ్‌లలో పోయింది. దీన్ని విఫలమైన సీజను అంటారా?

మూడోపీరియడ్

బాబాయిగారూ, ఆ సీజను మధ్యలో జరిగిన ఒక చిన్న సంగతి వదిలేశారు. 2000 డిసెంబరు 27న పెంగ్విన్స్ దిగ్గజం మారియో లెమ్యూ మళ్లీ ఆటలోకి దిగాడు. మూడున్నరేళ్ల విరామం తర్వాత వచ్చి 43 మ్యాచ్‌లలో 76 పాయింట్లు చేశాడు. నగానోలో హషెక్, పిట్స్‌బర్గ్‌లో లెమ్యూ. హ్లింకాకు ప్రతిసారీ ఎవరో ఒక దేవుడు ప్రత్యక్షమవుతూ వచ్చాడు.

పైగా ఆ దేవుడే జట్టు యజమాని. మీ కింద ఆడేవాడే మీ జీతం చెక్కు మీద సంతకం పెడుతుంటే కోచ్‌గా మీ మాటకు విలువేముంటుంది?

పెన్‌హిల్స్_బాబాయి

చివరి మాట ఒప్పుకుంటాను. ఆ పరిస్థితిలో ఎవరికైనా కష్టమే. కానీ మీ వాదనకు అది పనికిరాదు. ‘దేవుడు ఉన్నాడు కాబట్టి గెలిచాడు’ అనీ మీరే అంటున్నారు, ‘యజమాని ఆడుతుంటే కోచ్ పని కష్టం’ అనీ మీరే అంటున్నారు. ఒకటి ఎంచుకోండి.

ప్రాగ్_ట్రామ్

ఉద్యోగం కోసం ప్రాగ్ వచ్చిన తెలుగువాణ్ని. ఇక్కడివాళ్లు హ్లింకాను ఎలా తలచుకుంటారో చెబితే చర్చకు కాస్త పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఆఫీసులో ఒక వయసు దాటిన ప్రతి చెక్ మనిషికీ 1998 ఫిబ్రవరి 22 తెల్లవారుజామున తాను ఎక్కడున్నాడో గుర్తుంది. జపాన్ కాలమానం వల్ల ఫైనల్ ఇక్కడ ఆదివారం పొద్దున్నే వచ్చింది. పాతపట్టణం కూడలిలో పెద్ద తెర పెట్టారు. గడ్డకట్టే చలిలో వేల మంది నిలబడి చూశారు. మూడో పీరియడ్‌లో, 48 నిమిషాల 8 సెకన్ల దగ్గర పెట్ర్ స్వోబొదా గోల్ కొట్టాడు. ఆ టోర్నీలో అతను కొట్టింది అదొక్కటే. జట్టు విమానం దిగాక నేరుగా అదే కూడలికి వచ్చింది. 2004లో ఇక్కడి జాతీయ రంగస్థలం ఆ టోర్నీ మీద ‘నగానో’ అనే ఒపెరా వేసింది. హాకీ మ్యాచ్ మీద ఒపెరా! ఈ దేశానికి ఆ ఆట ఎంత ముదిరిందో అర్థమైంది కదా.

హ్లింకా గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది మూఢనమ్మకాల సంగతి. జట్టు బస్సు వెనక్కి నడవడానికి ఒప్పుకునేవాడు కాదు. డ్రైవరు దారి తప్పితే చుట్టూ తిరిగి రావలసిందే కానీ రివర్సు గేరు వేయకూడదు. నవ్వుతూ చెబుతారు. ఆ నవ్వులో చనువు ఉంటుంది, ఎగతాళి కాదు.

మూడోపీరియడ్ గారి ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు ఒకటుంది. కెనడాతో సెమీఫైనల్లో చెక్ జట్టు తరఫున మూడో పీరియడ్‌లో గోల్ కొట్టింది యిర్జీ ష్లేగర్. షూటవుట్‌లో కొట్టింది రాబర్ట్ రైఖెల్. ఫైనల్లో కొట్టింది స్వోబొదా. ముగ్గురూ లిట్వీనోవ్ క్లబ్బులో పెరిగినవాళ్లే. కెప్టెన్ రుజిచ్కా అక్కడివాడే. రుచిన్స్కీ, లాంగ్ అక్కడి నుంచి వచ్చినవాళ్లే. ష్లేగర్ ఎవరి కొడుకో తెలుసా? హ్లింకాతోపాటు వాంకూవర్ వెళ్లిన బుబ్లా కొడుకు.

లోకమంతా హషెక్‌ను చూసింది. మంచు మీద పక్‌ను వలలోకి పంపినవాళ్లు మాత్రం హ్లింకా ఊరి కుర్రాళ్లు. వాళ్లను ఆయన పసితనం నుంచీ ఎరుగును.

కోరమాండల్

ఇది వింటే నాకు ఒక అనుమానం. సొంత ఊరివాళ్లను ఎంచుకున్నాడని అప్పట్లో ఎవరూ గొడవ చేయలేదా?

ప్రాగ్_ట్రామ్

గెలిచాక ఎవరు గొడవ చేస్తారండీ! అయినా వాళ్లు పక్షపాతంతో వచ్చినవాళ్లు కాదు, ఆ తరంలో లిట్వీనోవ్ నుంచి అంతమంది మంచి ఆటగాళ్లు వచ్చారు. స్వోబొదానే చూడండి. 1984లో యువజట్టుతో జర్మనీ వెళ్లి అక్కడి నుంచే పారిపోయి మాంట్రియల్ చేరాడు. పాత ప్రభుత్వం దృష్టిలో ద్రోహి. పద్నాలుగేళ్ల తర్వాత దేశానికి బంగారం తెచ్చిన గోల్ అతనిది. అదే జట్టులో, దేశం వదలకుండా క్రమంగా ఎదిగినవాళ్లూ ఉన్నారు, ఎనభైల చివర్లో వెళ్లినవాళ్లూ ఉన్నారు. వీళ్ల మధ్య పాత కోపాలు లేకుండా చూడగలిగిన మనిషి, రెండు వైపులా బతికిన హ్లింకా ఒక్కడే అనుకుంటాను.

ఇంకొకటి. కెనడా, అమెరికా జట్లు నిండా ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లే. చెక్ జట్టులో దాదాపు సగం మంది యూరప్ లీగుల్లో ఆడేవాళ్లు. ఎన్‌హెచ్‌ఎల్ తారలు మొదటిసారి ఒలింపిక్స్‌కు వస్తున్నారు, దొరికినవాళ్లందరినీ తీసుకుందాం అని ఆయన అనుకోలేదు. యూరప్ రింకు వెడల్పు ఎక్కువ, నగానోదీ అంతే. ఆ మంచుకు అలవాటైన కాళ్లు కావాలనుకున్నాడు.

లెక్కల_మాస్టారు

మూడోపీరియడ్ గారి వాదనలో తేల్చదగిన ముక్క ఒకటుంది: హషెక్ లేకపోతే హ్లింకా ఏమయ్యేవాడు? దీనికి ఊహ అక్కరలేదు. జరిగిన సంగతులే ఉన్నాయి.

1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్, చెకోస్లొవాకియా కోచ్ హ్లింకా, కాంస్యం. గోల్‌లో హషెక్ లేడు. అదే ఏడాది ప్రాగ్ ప్రపంచ చాంపియన్‌షిప్, కాంస్యం. 1993లో దేశం రెండుగా విడిపోయాక చెక్ జట్టుతో మళ్లీ కాంస్యం. 1994 లిల్లెహామెర్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్లో కెనడా చేతిలో ఓవర్‌టైమ్‌లో ఓడి ఐదో స్థానం. ఇక్కడ మీకో పాయింటు ఇస్తాను. ఆపైన రెండేళ్లు లుద్యెక్ బుకాచ్ కోచ్. ఆయన 1996లో వియన్నాలో ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిపించాడు. అదే శరదృతువులో ప్రపంచ కప్‌లో (ఇది చాంపియన్‌షిప్ కాదు, వేరే టోర్నీ) జర్మనీ చేతిలో 7–1 తేడాతో ఓడి పరువు పోగొట్టుకున్నారు. హ్లింకా తిరిగొచ్చాక 1997లో కాంస్యం, 1998లో ఒలింపిక్ స్వర్ణం.

అసలు సాక్ష్యం 1999. నార్వేలో ప్రపంచ చాంపియన్‌షిప్. హషెక్ లేడు, యాగర్ లేడు. ఫైనల్ అప్పట్లో రెండు మ్యాచ్‌లు. ఫిన్లండ్ మీద మొదటిది 3–1తో గెలిచారు, రెండోది 4–1తో ఓడారు. అదనపు సమయంలో యాన్ హ్లవాచ్ గోల్‌తో బంగారం. ఆ జట్టు కోచ్ ఎవరు? హ్లింకాయే.

ఆయన వదిలి వెళ్లాక 2000లో, 2001లో కూడా ఆ జట్టే గెలిచింది, యోసెఫ్ ఆగుస్తా కోచ్‌గా. దీన్ని మీరు నాకు వ్యతిరేకంగా వాడుకోవచ్చని తెలుసు. వాడుకోండి.

మూడోపీరియడ్

వాడుకుంటున్నాను, ధన్యవాదాలు. బుకాచ్ గెలిచాడు, హ్లింకా గెలిచాడు, ఆగుస్తా గెలిచాడు. ఆరేళ్లలో ముగ్గురు కోచ్‌లూ గెలిచారంటే ఆ తరం ఆటగాళ్లదే గొప్పతనం. మా వాదన బలపడిందే కానీ తగ్గలేదు.

1999 మాత్రం నన్ను కాస్త ఇబ్బంది పెడుతోందని ఒప్పుకోక తప్పదు.

నీలిగీత

అందరూ గెలిచారు కాబట్టి ఎవరి ప్రమేయమూ లేదనడం తర్కం కాదండీ. అదే తరం, అదే ఏడాది, జర్మనీ చేతిలో ఏడు గోల్స్ తిన్నదని మాస్టారు ఇప్పుడే రాశారు.

హ్లింకా ఏం చేశాడో నగానో మ్యాచ్‌లు చూస్తే తెలుస్తుంది. అమెరికా మీద క్వార్టర్ ఫైనల్లో ముందు గోల్ మొడానోది. చెక్ జట్టు తడబడలేదు. రుజిచ్కా, యాగర్, రుచిన్స్కీ, దొపిటా వరుసగా కొట్టి 4–1తో ముగించారు. కెనడా మీద 63 సెకన్లు మిగిలి ఉండగా లిండెన్ సమం చేశాడు. మామూలు జట్టు అక్కడ కుప్పకూలుతుంది. వీళ్లు ఓవర్‌టైమ్ ఆడి, షూటవుట్‌కు వచ్చారు. మొదట వెళ్లిన రైఖెల్ కొట్టాడు. కెనడా నుంచి ఫ్లూరీ, బోర్క్, న్యూవెండైక్, లిండ్రోస్, షానహన్ ఐదుగురూ విఫలమయ్యారు. హషెక్ ఘనత ఎవరూ కాదనరు. కానీ మ్యాచ్ అంతా ఆయన ముందున్న చెక్ ఆటగాళ్లు ఐదుగురూ వెనక్కి దిగి మధ్య భాగాన్ని మూసేసి, ప్రత్యర్థిని అంచుల్లోంచి కొట్టేలా చేశారు. ఆ క్రమశిక్షణ తనంతట తాను రాదు. సహాయ కోచ్ స్లావొమీర్ లెనెర్ వ్యూహాల మీద పని చేసేవాడు. హ్లింకా మనుషుల మీద పని చేసేవాడు. ఎవరిని పిలవాలి, ఎవరిని కదిలించకుండా వదిలేయాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి. ఇవి తెలిసినవాడు.

పిట్స్‌బర్గ్‌లో దెబ్బతిన్నది సరిగ్గా ఇదే. రెండు వారాల టోర్నీలో తక్కువ మాట్లాడే కోచ్ ధీమాగా కనిపిస్తాడు. ఆరు నెలల సీజనులో, వారానికి మూడు మ్యాచ్‌లాడే చోట, అదే మౌనం పట్టనితనంలా కనిపిస్తుంది.

పెన్‌హిల్స్_బాబాయి

నీలిగీత గారు నా నోట్లో మాట లాక్కున్నారు. ఇక్కడ పత్రికలవాళ్లకు ఆయన ఇంగ్లిషు మీదే ధ్యాస. వాంకూవర్‌లో రెండేళ్లు ఆడినవాడికి ఇంగ్లిషు అసలు రాదనడం అన్యాయం. రాదని కాదు, ఎక్కువ మాట్లాడాలనే ఉబలాటం లేదు. మ్యాచ్ అయ్యాక విలేకరుల ముందు రెండు ముక్కలు చెప్పి ఊరుకునేవాడు. ఆటగాళ్లతోనూ రోజూ కూర్చోబెట్టి చెప్పే రకం కాదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో మూడో లైను, నాలుగో లైను కుర్రాడికి తాను ఎందుకు బెంచి మీద ఉన్నాడో ఎవరో ఒకరు చెప్పాలి. యాజమాన్యం అప్పట్లో ఎత్తిచూపిన లోపమూ ఇదే, జట్టుతో సంభాషణ సరిగా లేదని.

వేరే దేశం నుంచి వచ్చి, వేరే భాషలో, పైవాళ్ల ముందు పని చేసి చూపించిన అనుభవం ఈ వేదికలో చాలామందికి ఉంది. పని తెలియడం ఒకటి, తెలిసినట్టు మీటింగులో కనిపించడం ఇంకొకటి. దీని మీద ఇంతకంటే రాయను, నా పాత బాసు తెలుగు చదవలేడు కానీ ఎందుకొచ్చిన గొడవ.

2001 జులైలో యాగర్‌ను వాషింగ్టన్‌కు ఇచ్చేశారు. జట్టు దగ్గర డబ్బు లేదు. లీగులో మొదటి ఆటగాణ్ని ఇచ్చి ముగ్గురు కుర్రాళ్లను తెచ్చుకున్నారు. అక్టోబరులో మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఓడగానే హ్లింకాను తీసేసి రిక్ కీహోను పెట్టారు. ఫలితం? ఆ సీజనులో 28 గెలుపులు, 69 పాయింట్లు. పదకొండేళ్లుగా తప్పని ప్లేఆఫ్స్ ఆ ఏడాది తప్పిపోయాయి. జబ్బు కోచ్‌లో ఉంటే కోచ్‌ను మార్చాక తగ్గాలి కదా.

కోరమాండల్

ఆ తర్వాత యూరప్ కోచ్‌లెవరూ రాలేదా?

పెన్‌హిల్స్_బాబాయి

షికాగోలో సుహోనెన్ కూడా ఒక్క సీజనే ఉన్నాడు, ఆరోగ్యం బాగాలేక వెళ్లిపోయాడు. ఇద్దరూ ఒకేసారి పోయేసరికి ‘ప్రయోగం అయింది, పనికిరాలేదు’ అనుకున్నారు జట్ల యజమానులు. యూరప్ ఆటగాళ్లు లీగులో ఇంతమంది ఉన్నా యూరప్ కోచ్‌లకు తలుపులు చాలా కాలం మూసే ఉన్నాయి. 2025లో బోస్టన్ జర్మనీకి చెందిన మార్కో స్టర్మ్‌ను పెట్టుకుంది. అతనైనా ఇక్కడే దాదాపు వెయ్యి మ్యాచ్‌లు ఆడి, ఇక్కడి చిన్న లీగులో కోచ్‌గా పని చేసి వచ్చినవాడు. కెనడావాడు నాలుగు మ్యాచ్‌లు ఓడితే అతనొక్కడే పోతాడు. హ్లింకా ఓడితే ఒక ఖండం మొత్తం పోయింది.

ప్రాగ్_ట్రామ్

పిట్స్‌బర్గ్ తర్వాత సంగతి కూడా చెప్పుకోవాలి. 2002లో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. 2002–03లో రష్యాలో ఓమ్స్క్ జట్టు అవన్‌గార్డ్‌కు పని చేశాడు. 2004లో జాతీయ జట్టు మళ్లీ ఆయన చేతికొచ్చింది. ఆ ఆగస్టు చివర్లో ప్రపంచ కప్. జట్టును ప్రకటించాడు, యాగర్ కూడా ఉన్నాడు. టోర్నీకి రెండు వారాల ముందు, ఆగస్టు 16న, కార్లొవీ వరీ దగ్గర ఆయన కారు లారీని ఢీకొంది. ఆసుపత్రిలో కన్నుమూశాడు. యాభై నాలుగేళ్లు.

జట్టును రుజిచ్కా అందుకున్నాడు, నగానో కెప్టెన్. సెమీఫైనల్లో కెనడా మీద 4–3తో ఓవర్‌టైమ్‌లో ఓడారు. మరుసటి ఏడాది వియన్నాలో రుజిచ్కానే కోచ్‌గా ఫైనల్లో కెనడాను 3–0తో ఓడించి ప్రపంచ విజేతలయ్యారు. లిట్వీనోవ్ మనిషి తర్వాత లిట్వీనోవ్ మనిషి.

ఇప్పుడు లిట్వీనోవ్‌లో స్టేడియానికి ఆయన పేరే. క్లబ్బులో 21 నంబరు చొక్కా ఇంకెవరికీ ఇవ్వరు. పద్దెనిమిదేళ్లలోపు కుర్రాళ్లకు ప్రతి ఆగస్టులో జరిగే టోర్నీకి కూడా ఆయన పేరు పెట్టారు. 2018 నుంచి అది హ్లింకా గ్రెట్జ్‌కీ కప్. కెనడా, అమెరికా, స్వీడన్ కుర్రాళ్లంతా వస్తారు. ఎన్‌హెచ్‌ఎల్ స్కౌట్లు వేసవి సెలవులు మానుకుని మరీ వాలిపోతారు.

మూడోపీరియడ్

టోర్నీ పేరులో పక్కన గ్రెట్జ్‌కీ ఉండటం చూశారా? షూటవుట్‌కు పంపనివాడు.

సరే, నా వాదనను కొంత సవరించి మళ్లీ పెడుతున్నాను. హ్లింకా మంచి సెలెక్టరు, మంచి పెద్దమనిషి. రోజువారీ కోచ్ కాదు. టోర్నీలకు సరిపోయాడు, సీజనుకు సరిపోలేదు. హషెక్ లేని 1999 ఉంది కాబట్టి ‘అంతా హషెక్ దయ’ అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. ‘చాలావరకు హషెక్ దయ’ అంటాను. ఇంతకంటే దిగను.

లెక్కల_మాస్టారు

దిగకండి, కానీ బాబాయిగారు మొదట్లోనే రాసి వదిలేసిన ఒక వాక్యాన్ని మళ్లీ చదవండి. ‘బఫెలోను ఏడు మ్యాచ్‌లలో’ అన్నారు. 2001లో బఫెలో గోల్‌కీపర్ ఎవరు?

కోరమాండల్

ఎవరు?

పెన్‌హిల్స్_బాబాయి

హషెక్!

ఇంతసేపూ దాచిపెట్టుకున్నాను మాస్టారూ, మీరు చెప్పేశారు. బఫెలో 3–2తో సిరీస్‌లో ముందుంది. ఆరో మ్యాచ్ మా ఊళ్లో. నిమిషం పైచిలుకు మిగిలి ఉండగా లెమ్యూ సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో స్ట్రాకా గెలిపించాడు. మే 10న ఏడో మ్యాచ్ వాళ్ల ఊళ్లో. అదీ ఓవర్‌టైమే. గోల్స్ కొట్టే అలవాటే లేని డిఫెన్స్ ఆటగాడు డారియస్ కాస్పరైటిస్ హషెక్‌ను దాటించి కొట్టేశాడు. 3–2. ఆ వలలో హషెక్, ఈ బెంచి దగ్గర హ్లింకా.

మూడోపీరియడ్

లెమ్యూ సమం చేశాడు అని మీరే రాశారు బాబాయిగారూ.

పెన్‌హిల్స్_బాబాయి

ఏడో మ్యాచ్‌లో గెలిపించింది లెమ్యూ కాదు, కాస్పరైటిస్!

కోరమాండల్

మీరు కొట్టుకుంటూ ఉండండి. నేను ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలి? నగానో సెమీఫైనలా, ఈ బఫెలో ఏడో మ్యాచా?

నీలిగీత

నగానో సెమీఫైనల్. షూటవుట్ ముక్క మాత్రమే చూసి ఆపకండి, రెండో పీరియడ్ నుంచి అయినా చూడండి. మధ్య భాగాన్ని మూసేయడం అంటే ఏమిటో అప్పుడే అర్థమవుతుంది.

పెన్‌హిల్స్_బాబాయి

బఫెలో ఏడో మ్యాచ్. ఈ విషయంలో నేను తటస్థుణ్ని కాను.